అధిక పీడనంలో కణం పొర ఎలా పేరుకుంటుంది

సముద్రంలో వేల మీటర్ల లోతున కోంబ్ జెల్లీలు అనే జీవులు బతుకుతాయి. పేరులో జెల్లీ ఉన్నా ఇవి జెల్లీఫిష్‌లు కావు, వేరే వంశం. గాజులాంటి ఒళ్లు, దాని మీద నిలువుగా ఎనిమిది వరసల్లో దువ్వెన పళ్లలాంటి సన్నటి నూగు వెంట్రుకలు. అవి కదులుతుంటే వెలుతురు పడి ఇంద్రధనుస్సు రంగులు పరుగులు తీస్తాయి. బాగా లోతున దొరికే కొన్ని జాతుల్ని ఎంత పదిలంగా పట్టినా, నీళ్లను చల్లగానే ఉంచి పైకి తెచ్చినా, ఓడ మీదికి చేరేసరికి ఒళ్లు విడిపోయి గుజ్జైపోతుంది.

నాకు ఈ సంగతి తెలిసినప్పుడు మొదట అర్థం కాలేదు. లోతులో ఉండే పీడనం ప్రాణాన్ని నలిపేస్తుందని కదా మనం అనుకుంటాం. అలాంటప్పుడు ఆ భారం తీసేస్తే జీవికి హాయిగా ఉండాలి. దీని ఒంట్లో గాలి తిత్తులేమీ లేవు కాబట్టి ఉబ్బి పేలిపోయే ప్రశ్న కూడా లేదు. మరి ఎందుకు విడిపోతోంది? జవాబు దాని ప్రతి కణం చుట్టూ ఉండే ఒక పల్చటి కొవ్వు పొరలో ఉంది. ఆ పొర మందం నాలుగైదు నానోమీటర్లు. మనిషి వెంట్రుక మందంలో సుమారు పదిహేను వేలో వంతు అనుకోండి. పీడనం అంటే ఏమిటో, అది ప్రాణాన్ని ఎక్కడ పట్టుకుంటుందో తెలియాలంటే ఈ పొర దగ్గరికి వెళ్లాల్సిందే.

ముందు నలగడం అనే మాటను పక్కన పెడదాం. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ పీడనం దాదాపు 1 అట్మాస్ఫియర్, అంటే సముద్ర మట్టం దగ్గర గాలి మన మీద పెట్టే పీడనమంత, పెరుగుతుంది. సముద్రాల సగటు లోతు 3,700 మీటర్ల దాపు, అంటే అక్కడ 370 అట్మాస్ఫియర్ల పైమాటే. మరియానా అగాధంలోని అట్టడుగు చోటు, ఛాలెంజర్ డీప్, సుమారు 10,900 మీటర్ల లోతున ఉంది. అక్కడ పీడనం 1,100 అట్మాస్ఫియర్ల దరిదాపుల్లో ఉంటుంది. బొటనవేలి గోరంత చోటు మీద టన్నుకు పైగా బరువు పెట్టినట్టు. వినడానికి భయం వేస్తుంది. కానీ ఒక వస్తువు నలగాలంటే బయటి పీడనం కంటే లోపలి పీడనం తక్కువగా ఉండాలి. లోపల గాలి ఉన్న జలాంతర్గామి నలుగుతుంది. లోపలా బయటా నీళ్లే ఉన్న కణానికి రెండు వైపులా ఒకటే పీడనం. దాన్ని ఏ పక్కా నొక్కి చితక్కొట్టదు. పైగా నీరు అంత తేలిగ్గా కుదించుకుపోయే పదార్థం కాదు. 1,000 అట్మాస్ఫియర్ల పీడనం పెట్టినా దాని ఘనపరిమాణం తగ్గేది 4 శాతం చిల్లర మాత్రమే.

రసాయన బంధాలు కూడా ఈ మాత్రం పీడనానికి చలించవు. ప్రొటీన్‌లోని అమినో ఆమ్లాలను కలిపిన బంధమో, కొవ్వు తోకలోని కార్బన్ గొలుసో తెగాలంటే ఇంతకు ఎన్నో రెట్లు కావాలి. పీడనం చేసే పని వేరే. అది చోటు విషయంలో పట్టుదల మనిషి లాంటిది. ఒక పదార్థం రెండు రకాలుగా సర్దుకుని ఉండగలిగితే, ఆ రెండిట్లో ఏది తక్కువ చోటు తీసుకుంటుందో దానివైపే తోస్తుంది. సమతాస్థితి గురించి లె షాటెలియర్ సూత్రం చెప్పేది ఇదే. అందుకే ఒక జీవిలో పీడనానికి ముందుగా లొంగిపోయేది ఏదని అడిగితే, మెత్తగా ఉండి, రెండు మూడు రకాలుగా సర్దుకునే వీలున్న భాగాన్ని వెతకాలి. కణం చుట్టూ ఉన్న ఆ కొవ్వు పొర, అంటే కణత్వచం, సరిగ్గా అలాంటిది.

తోకల మధ్య ఉన్న చోటు

కణత్వచాన్ని కట్టేది ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు జాతి అణువులు (కొవ్వు జాతి అణువుల్ని లిపిడ్లు అంటారు). ఒక్కో అణువుకూ నీళ్లంటే ఇష్టమైన ఒక తల, నీళ్లకు దూరంగా ఉండాలనుకునే రెండు కొవ్వు తోకలు. ఈ అణువులు నీళ్లలో పడితే ఎవరూ చెప్పకుండానే రెండు వరసలుగా సర్దుకుంటాయి. తలలు బయటికి, తోకలు లోపలికి, ఒక వరస తోకలు ఇంకో వరస తోకలకు ఎదురుగా. అదే మనం చెప్పుకునే రెండు పొరల లిపిడ్ త్వచం.

బొమ్మల్లో ఈ తోకల్ని చక్కగా నిలబెట్టిన అగ్గిపుల్లల్లా గీస్తారు. నా దృష్టిలో ఆ బొమ్మ చేసిన చెరుపు చాలానే ఉంది. బతికున్న కణంలో తోకలు అలా నిలబడవు. గొలుసులోని కార్బన్లు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఉంటాయి, తోక ఇక్కడోచోట అక్కడోచోట మెలి పడుతుంది, సెకనులో కోట్లసార్లు ఆ మెలికలు పుడుతూ పోతూ ఉంటాయి. అణువు మొత్తంగా పక్కకు జారుతూ ఉంటుంది కూడా. ఒక మోస్తరు బాక్టీరియా పొడవునా ఈ కొస నుంచి ఆ కొసకు ఒక లిపిడ్ అణువు చేరడానికి సెకను దాపు చాలు. అంటే ఈ పొర రెండు దిక్కుల్లోనే పారే ఒక ద్రవం. దాని పని అంతా ఆ పారే గుణం మీదే నడుస్తుంది. ప్రొటీన్లు అందులో తిరగాలి, ఒకదాన్నొకటి కలుసుకోవాలి, వాటిలో కొన్ని ముడుచుకుని విచ్చుకోవాలి.

మెలిక పడ్డ తోక ఎక్కువ చోటు తీసుకుంటుంది. నిటారుగా సాగిన తోకలైతే ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా ఒదుగుతాయి. కాబట్టి పీడనానికి ఏది నచ్చుతుందో చెప్పనక్కర్లేదు. పీడనం పెరిగేకొద్దీ మెలికలు తగ్గుతాయి, తోకలు సాగుతాయి, అణువులు ఒకదానికొకటి చేరువవుతాయి, పక్కకు జారే వేగం పడిపోతుంది. ఒక హద్దు దాటాక పొర ఒక్కసారిగా జెల్ దశలోకి వెళ్లిపోతుంది. చలికి నూనె పేరుకున్నట్టే ఇదీ పేరుకుంటుంది. తేడా ఒక్కటే, ఇక్కడ చలి లేదు. ఉష్ణోగ్రత మారకుండానే, పీడనం ఒక్కటే ఆ పని చేసింది. జెల్ దశలో అణువులు పక్కకు జారడం వంద నుంచి వెయ్యి రెట్లు నెమ్మదిస్తుంది.

దీన్ని ఒక లిపిడ్ మీద లెక్క వేసి చూద్దాం. ప్రయోగశాలల్లో అందరికీ బాగా పరిచయమైన లిపిడ్ డీపీపీసీ. రెండు తోకలూ 16 కార్బన్ల పొడవు, ఎక్కడా ద్విబంధం, అంటే రెండు కార్బన్ల మధ్య జంట బంధం, లేదు. మన ఊపిరితిత్తుల గాలిగదుల లోపలి తడిపొరలో ఎక్కువగా ఉండేది కూడా ఇదే. మామూలు పీడనంలో ఇది 41, 42 డిగ్రీల సెల్సియస్ మధ్య జెల్ నుంచి ద్రవంగా మారుతుంది. అప్పుడు ఒక్కో మోల్‌కు సుమారు 36 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటుంది, ఘనపరిమాణం 4 శాతానికి కాస్త తక్కువగా, అంటే మోల్‌కు 27 మిల్లీలీటర్ల దాపు పెరుగుతుంది. పీడనంతో ఈ కరిగే ఉష్ణోగ్రత ఎంత జరుగుతుందో క్లాపైరాన్ సమీకరణం చెబుతుంది. కెల్విన్లలో ఉన్న ఉష్ణోగ్రతను ఘనపరిమాణంలో వచ్చిన మార్పుతో గుణించి, గుప్తోష్ణంతో, అంటే ఇందాక చెప్పిన 36 కిలోజౌళ్ల వేడితో, భాగించాలి. ఈ అంకెలు పెడితే ప్రతి 100 అట్మాస్ఫియర్లకూ 2 డిగ్రీల పైచిలుకు వస్తుంది. ప్రయోగాల్లో కొలిచినప్పుడూ దాదాపు అంతే, 2.2 డిగ్రీలు. అంటే 1,000 అట్మాస్ఫియర్ల దగ్గర ఇదే పొర కరగాలంటే 63, 64 డిగ్రీల దాకా వేడి చేయాలి. మామూలు పీడనంలో 50 డిగ్రీల దగ్గర హాయిగా పారుతున్న పొర, అదే వేడిలో పీడనం 400 అట్మాస్ఫియర్లు దాటేసరికి పేరుకుపోతుంది.

ఈ సమీకరణాన్నే మంచుగడ్డ మీద వాడితే లెక్క తిరగబడుతుంది. మంచు నీటికంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పీడనం దాన్ని కరిగించే వైపు తోస్తుంది. 100 అట్మాస్ఫియర్లకు మంచు కరిగే ఉష్ణోగ్రత 0.75 డిగ్రీ దాకా దిగుతుంది. లిపిడ్‌కు పెరిగేది దానికి దాదాపు మూడు రెట్లు. నీటితో పోలిస్తే కొవ్వు పొర పీడనానికి ఎంత సున్నితమో ఈ ఒక్క పోలికతో తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో వింత ఉంది. పీడనం అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కుతుంది. కాబట్టి పొర అన్ని వైపులా కాస్త కాస్త తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. నిజానికి పొర మందం పెరుగుతుంది. పీడనం నొక్కుతుంటే మందం పెరగడమేమిటని అనిపిస్తుంది గానీ, తోకల్ని తలుచుకుంటే విషయం తేలిగ్గానే అర్థమవుతుంది. మెలికలు విప్పుకుని సాగిన తోక పొడుగవుతుంది, వెడల్పు తగ్గుతుంది. డీపీపీసీ ద్రవ దశ నుంచి జెల్‌కు వెళ్లేటప్పుడు ఒక్కో అణువు ఆక్రమించే చోటు 0.63 చదరపు నానోమీటర్ల నుంచి 0.48 దాపుకు, అంటే నాలుగో వంతు తగ్గుతుంది. పక్కలకు తగ్గింది ఎక్కువ, నిలువునా పెరిగింది తక్కువ, మొత్తం మీద ఘనపరిమాణం తగ్గింది. పీడనానికి కావలసింది ఆ మొత్తమే. ఏ దిక్కున తగ్గించాలన్నది పొర ఇష్టం.

ఇంకా గట్టిగా నొక్కితే జెల్ దశ కూడా ఒకటే రకంగా ఉండదు. వెయ్యి అట్మాస్ఫియర్ల ప్రాంతంలో డీపీపీసీ లాంటి లిపిడ్లలో ఎదురెదురు వరసల తోకలు ఒకదాని సందుల్లోకి ఒకటి దూరతాయి, రెండు చేతుల వేళ్లు పెనవేసుకున్నట్టు. అప్పుడు పొర మళ్లీ పల్చబడుతుంది. న్యూట్రాన్ కిరణాలతో 1980లలో చేసిన కొలతల్లో ఇది బయటపడింది.

వేడిని మార్చడానికీ, పీడనాన్ని మార్చడానికీ తేడా

ఇంతా విన్నాక పీడనమంటే చలికి మారుపేరే కదా అనిపించవచ్చు. చాలావరకు నిజమే. సముద్ర జీవశాస్త్రంలో వాడే ఒక మోటు లెక్క ప్రకారం పొర గట్టిపడే విషయంలో 1,000 అట్మాస్ఫియర్ల పీడనం 13 నుంచి 21 డిగ్రీల చల్లదనానికి సమానం. అగాధాల్లో నీళ్లు ఎలాగూ 2 డిగ్రీల దగ్గర ఉంటాయి. పైన పీడనం కూడా పడితే, అక్కడున్న పొరకు అది మైనస్ 11 నుంచి మైనస్ 19 డిగ్రీల చలి కింద లెక్క. పైన బతికే జీవి పొరను మార్పు లేకుండా అక్కడికి తీసుకెళితే కొయ్యబారిపోతుంది.

కానీ భౌతిక శాస్త్రవేత్తలు పీడనాన్ని ఇష్టపడడానికి కారణం ఈ పోలిక చెదిరే చోట ఉంది. ఒక పదార్థాన్ని చల్లబరిస్తే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. అణువుల ఊగిసలాట తగ్గుతుంది, వాటి మధ్య చోటూ తగ్గుతుంది. ఏ ఫలితం దేనివల్ల వచ్చిందో విడదీయలేం. ఉష్ణోగ్రత మార్చకుండా పీడనం పెంచితే ఊగే శక్తి అంతే ఉంటుంది, చోటు మాత్రమే తగ్గుతుంది. చోటు ఒక్కదాని ప్రభావాన్ని విడిగా చూడడానికి ఇంతకంటే మంచి దారి లేదు. పైగా వేడి ఒక నమూనాలో పాకడానికి సమయం పడుతుంది, పీడనం ధ్వని వేగంతో అంతటా ఒకేసారి చేరిపోతుంది. అందుకే మిల్లీసెకన్లలో పీడనాన్ని పెంచి, తగ్గించి, ఆ కుదుపుకు పొర ఎలా సర్దుకుంటుందో ఎక్స్‌రేలతో చూస్తారు. రెండు చిన్న వజ్రాల మధ్య నమూనాను బిగించడం ఒక పద్ధతి. వజ్రం ఎంతకీ నలగదు, కాంతినీ ఎక్స్‌రేనూ లోపలికి రానిస్తుంది.

నిజమైన కణత్వచం ఒకే లిపిడ్‌తో చేసింది కాదు. వందల రకాలు కలిసి ఉంటాయి, వాటి సందుల్లో ప్రొటీన్లు. జంతు కణాల్లో అయితే కొలెస్ట్రాల్ కూడా. కొలెస్ట్రాల్‌కు రక్తనాళాల వల్ల చెడ్డపేరు వచ్చింది గానీ పొరలో అది చేసే పని చాలా గొప్పది. తోకల మధ్య బిగుసుకుని కూర్చుని, ద్రవంలో ఉన్నప్పుడు మరీ వదులు కాకుండా, గట్టిపడుతున్నప్పుడు మరీ దగ్గరగా పేరుకోకుండా అడ్డుపడుతుంది. ప్రతి పది అణువుల్లో మూడు నాలుగు కొలెస్ట్రాల్ అయితే ఒక్కసారిగా జెల్‌లోకి దూకే ఆ మలుపు దాదాపు కనబడకుండా పోతుంది. పీడనం ప్రభావం అప్పుడూ ఉంటుంది, కాకపోతే మెల్లగా, మెట్టు లేని వాలులా.

కలగలుపు పొరల్లో ఇంకో చిక్కు. తేలిగ్గా పేరుకునే లిపిడ్లు ముందుగా ఒకచోట గుమిగూడతాయి, మిగిలినవి ద్రవంగానే ఉంటాయి. పీడనం పెరిగితే ఈ విడిపోవడం ఎక్కువ ఉష్ణోగ్రతల దగ్గరే మొదలవుతుంది. పొర అక్కడక్కడ గడ్డలు తేలిన చెరువులా తయారవుతుంది, ఆ గడ్డల అంచుల్లో సందులు పడి అయాన్లు కారిపోవచ్చు.

ప్రొటీన్ల సంగతి చూస్తే, కణం లోపలి సోడియాన్ని బయటికి, బయటి పొటాషియాన్ని లోపలికి తోడే పంపు ప్రతి చుట్టులోనూ ఆకారం మార్చుకోవాలి. అలా మారే దారిలో ఒక దశలో అది, దాని చుట్టూ ఉన్న లిపిడ్లు కాస్త ఉబ్బాలి. పీడనం ఆ ఉబ్బుకు చోటివ్వదు. చుట్టూ పొర గట్టిగా ఉంటే ఇంకా కష్టం. చేపల మొప్పల్లోని ఈ పంపును తీసి పరీక్షించినప్పుడు, లోతులో బతికే చేపల పంపులు పైనీళ్లలో బతికే చేపల పంపుల కంటే పీడనానికి బాగా తట్టుకున్నాయి. మన పేగుల్లో ఉండే ఈ.కోలి బాక్టీరియా విషయానికొస్తే, 100 అట్మాస్ఫియర్ల దగ్గరే దాని ఈదడం దెబ్బతింటుంది, 500 దాపుల్లో పెరుగుదల ఆగిపోతుంది, 2,000 దాటితే చావడం మొదలవుతుంది. పండ్లరసాల్లాంటి వాటిని వేడి చేయకుండా 4,000 నుంచి 6,000 అట్మాస్ఫియర్ల పీడనంతో సూక్ష్మజీవులు లేకుండా చేసే పరిశ్రమ నిలబడింది ఈ చివరి సంగతి మీదే. అక్కడ బాక్టీరియా చావడానికి దాని పొర పాడవడం ఒక పెద్ద కారణం.

మత్తులోంచి లేచిన తోకకప్పలు

పీడనం, పొర, నాడులు, ఈ మూడూ కలిసిన ఒక పాత ప్రయోగం గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. 1950లో జాన్సన్, ఫ్లాగ్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తోకకప్పల్ని ఆల్కహాల్ కలిపిన నీళ్లలో వేశారు. అవి మత్తెక్కి ఈదడం మానేసి అడుక్కు చేరాయి. ఆ నీళ్లను అలాగే ఉంచి, ఆల్కహాల్ తియ్యకుండా, వందకు పైగా అట్మాస్ఫియర్ల పీడనం పెట్టారు. తోకకప్పలు మళ్లీ ఈదసాగాయి. పీడనం తీసేస్తే మళ్లీ మత్తులోకి జారాయి.

దీనికి అప్పట్లో చెప్పిన వివరణ చాలా అందంగా ఉండేది. మత్తుమందుకున్న బలం అది నూనెలో ఎంత బాగా కరుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుందని 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో మేయర్, ఓవర్టన్ విడివిడిగా గమనించారు. కాబట్టి మత్తుమందు నాడీకణాల కొవ్వు పొరలో కరిగి దాన్ని ఉబ్బిస్తుంది, ఒక హద్దు దాటి ఉబ్బితే మత్తు వస్తుంది, పీడనం దాన్ని తిరిగి కుదిస్తుంది కనుక మెలకువ వస్తుంది. 1970లలో ఈ ఆలోచన బాగా బలపడింది.

ఇంత పొందికగా ఉన్న వివరణ కూడా నిలబడలేదు. మనుషులకు ఆపరేషన్‌లో ఇచ్చే మోతాదులో పొర ఉబ్బేది చాలా తక్కువ. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినా పొర దాదాపు అంతే వదులవుతుంది, కానీ ఒక డిగ్రీ జ్వరానికి ఎవరికీ మత్తు రాదు. 1984లో ఫ్రాంక్స్, లీబ్ ఇంకో గట్టి దెబ్బ కొట్టారు. మిణుగురు పురుగుల్లో వెలుగు పుట్టించే లూసిఫెరేజ్ అనే ఎంజైమ్‌ను, లిపిడ్ అన్నదే లేకుండా శుద్ధి చేసి, దాని మీద మత్తుమందులు పరీక్షించారు. పొర లేకపోయినా మత్తుమందులు ఆ ప్రొటీన్‌ను ఆపేశాయి, అదీ వాటి మత్తు బలానికి తగ్గ వరసలోనే. ఇప్పుడు మత్తుమందులు ముఖ్యంగా నాడీకణాల మీది ప్రొటీన్ ద్వారాల మీదే పనిచేస్తాయన్న అభిప్రాయం గట్టిపడింది. పీడనం కూడా ఆ ద్వారాల మీద నేరుగా పనిచేయగలదు. పొర పాత్ర ఏమీ లేదని దీని అర్థం కాదు. పీడనంలో వచ్చే ప్రతి మార్పునూ పొర ఖాతాలో వేయకూడదని మాత్రం ఈ కథ నేర్పింది.

లోతుకు దిగే డైవర్లకు ఇది పుస్తకాల్లోని వాదన కాదు. హీలియం, ఆక్సిజన్ కలిపిన గాలి పీలుస్తూ 150, 200 మీటర్లు దాటితే చేతులు వణకడం, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, ఏకాగ్రత తప్పడం మొదలవుతాయి. దీన్ని అధిక పీడన నాడీ రుగ్మత అంటారు. లోతుల్లో మత్తెక్కించే వాయువని పేరున్న నైట్రోజన్‌ను కొద్దిగా కలిపితే ఈ వణుకు తగ్గుతుంది. తోకకప్పల కథే తిరగేసి వాడినట్టు: అక్కడ పీడనం మత్తును విరిచింది, ఇక్కడ చిన్న మత్తు పీడనాన్ని విరుస్తుంది. 1992లో ఫ్రాన్స్‌లో హైడ్రోజన్ కూడా కలిపిన గాలితో, ప్రయోగశాల గదిలో ఒక డైవర్ 701 మీటర్ల లోతుకు సరిపడా పీడనం దాకా వెళ్లాడు.

లోతులో బతికేవాళ్ల వంటకం

మనిషి 700 మీటర్ల దగ్గర ఆగిపోతే, చేపలు 8,300 మీటర్ల లోతున కూడా కెమెరాకు చిక్కాయి. 2022లో జపాన్ దగ్గరి ఇజు ఒగసవారా అగాధంలో 8,336 మీటర్ల దగ్గర ఒక స్నెయిల్‌ఫిష్ ఈదుతూ కనిపించింది. వీటి పొరలు ఎందుకు పేరుకోవు?

ఈ ప్రశ్నకు మొదటి జవాబు చలి గురించి చేసిన పనిలో దొరికింది. 1974లో సైనెన్‌స్కీ ఈ.కోలిని వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పెంచి చూశాడు. ఎక్కడ పెరిగినా, తను పెరిగిన ఉష్ణోగ్రత దగ్గర దాని పొరకు పారే గుణం దాదాపు ఒకేలా ఉంది. చలిలో పెరిగినది ద్విబంధాలున్న అసంతృప్త కొవ్వు ఆమ్లాలను ఎక్కువ వేసుకుంటుంది. ద్విబంధం ఉన్నచోట తోక శాశ్వతంగా వంగి ఉంటుంది, ఎంత నొక్కినా పక్కవాటితో పూర్తిగా ఒదగదు. డీపీపీసీ తోకల స్థానంలో ఒక్కో ద్విబంధం ఉన్న ఓలిక్ ఆమ్లం తోకలు పెడితే, కరిగే ఉష్ణోగ్రత 41 నుంచి మైనస్ 17 దరిదాపులకు పడిపోతుంది. చలికి పనికొచ్చింది పీడనానికీ పనికొస్తుంది. 1985లో డిలాంగ్, యయానోస్ ఒక లోతైన సముద్రపు బాక్టీరియాను వేర్వేరు పీడనాల్లో పెంచితే, పీడనం పెరిగేకొద్దీ దాని పొరలో అసంతృప్త తోకలు పెరిగాయి.

అయితే తోక ఎంత వంకరగా ఉంటే అంత మంచిదన్న లెక్క కుదరలేదు. సులు సముద్రంలో 2,500 మీటర్ల లోతు నుంచి తెచ్చిన ఫోటోబాక్టీరియం ప్రొఫండమ్ అనే బాక్టీరియా పొరలో ఐదు ద్విబంధాలున్న కొవ్వు ఆమ్లం ఉంటుంది. దాని పీడన రహస్యం అదేనని అందరికీ అనిపించింది. 1999లో ఆ ఆమ్లం తయారుచేసే శక్తిని తీసేసిన రకాన్ని పెంచి చూస్తే, అది పీడనంలో హాయిగా పెరిగింది. ఒక్క ద్విబంధం ఉన్న మామూలు ఆమ్లాలను తగ్గించినప్పుడు మాత్రం పీడనంలో పెరగలేకపోయింది. అంటే పొర బాగా పారుతోందా లేదా అన్నదొక్కటే కథ కాదన్నమాట.

మిగతా కథ చెప్పింది మనం మొదట చూసిన కోంబ్ జెల్లీలు. 2024లో జేకబ్ విన్నికాఫ్, ఇటాయ్ బుడిన్, స్టీవెన్ హాడక్, వారి సహచరులు వీటి లిపిడ్ల మీద చేసిన పని సైన్స్ పత్రికలో వచ్చింది. వాళ్లు చేసిన తెలివైన పని జీవుల్ని ఎంచుకోవడంలోనే ఉంది. లోతు అంటే చలీ, పీడనమూ రెండూ. కాబట్టి చల్లగా ఉండే ధ్రువ సముద్రాల పైనీళ్ల జాతుల్ని, వెచ్చటి పైనీళ్ల జాతుల్ని, లోతు జాతుల్ని పక్కపక్కన పెట్టి, ఏ మార్పు చలివల్ల వచ్చిందో, ఏది పీడనం వల్ల వచ్చిందో విడదీశారు. పీడనంతో పెరిగింది ప్లాస్మలోజెన్ అనే లిపిడ్ కుటుంబం. బాగా లోతు జాతుల్లో మొత్తం ఫాస్ఫోలిపిడ్లలో దాదాపు నాలుగింట మూడొంతులు అవే.

ప్లాస్మలోజెన్ ప్రత్యేకత దాని ఆకారం. కొన్ని లిపిడ్ల తల, తోకలు ఒకే వెడల్పులో ఉండి అణువు స్తంభంలా ఉంటుంది. అలాంటివి చేరితే చదునైన పొర వస్తుంది. ఈ ప్లాస్మలోజెన్లకు తల చిన్నది, తోకలు బాగా విచ్చుకుంటాయి, అణువు గరాటులా ఉంటుంది. ఇలాంటివి ఎక్కువైతే పొర వంగాలని చూస్తుంది. కణానికి కొంతవరకు ఆ వంగే గుణం కావాలి. పొర నుంచి బుడగలు తెగాలన్నా, రెండు పొరలు కలవాలన్నా, ప్రొటీన్లు ఆకారం మార్చుకోవాలన్నా ఆ గుణమే ఆధారం. ఇప్పుడు పీడనం పెట్టండి. తోకలు సాగి సన్నబడతాయి. గరాటు కాస్తా స్తంభం వైపు జరుగుతుంది. పైనీళ్లలో సరైన వంపు ఉన్న లిపిడ్ లోతుకు వెళితే మరీ నిటారైపోయి వంగడం మరిచిపోతుంది. లోతులో బతికే జీవి అందుకే మొదటే మరీ విచ్చుకున్న గరాటుల్ని వాడుతుంది. పీడనం వాటిని సన్నబరిచాక మిగిలేది సరిగ్గా కావలసిన ఆకారం.

ఇప్పుడు ఆ జీవిని పైకి తెస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. నొక్కి ఉంచే చెయ్యి తీసేసినట్టు తోకలు విచ్చుకుంటాయి, గరాటులన్నీ తమ అసలు వెడల్పుకు వస్తాయి. ఎక్స్‌రేలతో చూస్తే, లోతు జాతుల లిపిడ్లు మామూలు పీడనంలో రెండు వరసల పొరగా నిలవలేక గొట్టాల్లా చుట్టుకుపోతున్నాయి, పీడనం పెడితే మళ్లీ పొరగా మారుతున్నాయి. పొరే లేకపోతే కణం లేదు. ఓడ మీద గుజ్జుగా తేలిన ఆ ఒంటికి జరిగింది ఇదే అయ్యుండాలి.

ఇదే బృందం ప్లాస్మలోజెన్ తయారుచేసే శక్తిని ఈ.కోలికి ఎక్కించి చూసింది. మామూలు ఈ.కోలి ఇబ్బంది పడే పీడనంలో ఆ బాక్టీరియా మెరుగ్గా తట్టుకుంది. ఒక్క లిపిడ్ ఆకారం మారితే తట్టుకునే శక్తి మారిందంటే, పీడనం ప్రాణాన్ని పట్టుకునే చోట్లలో ఇదొకటని నమ్మకంగా చెప్పొచ్చు. చేపలకు ఇది ఒక్కటే సరిపోదు, వాటి ప్రొటీన్లను కాపాడడానికి టీఎంఏఓ అనే చిన్న అణువు లోతు పెరిగేకొద్దీ కండరాల్లో పేరుకుంటుంది. అది పొర కథకు పక్కన నడిచే ఇంకో కథ.

ఈ ప్లాస్మలోజెన్లు మన ఒంట్లోనూ ఉన్నాయి, మెదడులో మరీ ఎక్కువ. అల్జైమర్స్ ఉన్నవాళ్ల మెదడులో ఇవి తగ్గుతాయని గమనించారు. మెదడు మీద సముద్రపు భారమేమీ లేదు. అయితే రెండు నాడీకణాలు కలిసే చోట రోజంతా, నిద్రలో కూడా, చిన్న చిన్న బుడగలు పొరతో కలిసి తమలోని రసాయనాన్ని వదిలి మళ్లీ తెగి వెనక్కి వస్తుంటాయి. పొరకు వంగే గుణం ఎంతో అవసరమైన చోట అదొకటి. అక్కడ ఈ గరాటు లిపిడ్లు ఏం చేస్తున్నాయో తెలుసుకోవడానికి ఇప్పుడు పరిశోధకులు అగాధపు జీవుల లిపిడ్ల వైపు కూడా చూస్తున్నారు.